గాజుపలక మీద పుప్పొడి

తన గేటుకే నోటీసు అంటిస్తుంటే గింజలమ్మ పక్కన నిలబడి, జిగురు ఇంకాస్త పూయమని చెప్పింది.

"ఆ పై మూల చూడు, అప్పుడే లేచిపోతోంది. పొద్దెక్కితే గాలి తిరుగుతుంది. దీనికోసం మళ్లీ ఈ ఎత్తంతా ఎక్కొస్తావా?"

కంపెనీ వాచ్‌మన్ బుర్ర గోక్కుని, పై మూలకు ఇంకో పూత పూశాడు. అతని వెనక కంపెనీ మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేనేజరు వెనక, పర్మిట్లు చూసే ఇన్‌స్పెక్టరు ఒక రాతి మీద చతికిలబడి ఉన్నాడు. ఆయన ఇంకా మాట్లాడే స్థితిలో లేడు. జీపు దిగి ఇక్కడిదాకా నడిచేసరికి ఊపిరి గొంతులోకి వచ్చేసింది. కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఇంతే. మేఘాలు కాళ్ల కింద తిరిగే చోటది. గాలి పలచన, ఎండ చురుకు. నీళ్లు తొందరగానే మరుగుతాయి గానీ అందులో వేసిన దుంప మాత్రం ఎంతకీ ఉడకదు.

"మంచినీళ్లు తాగుతారా సార్?" అని గింజలమ్మ ఆయన్ని అడిగి, జవాబు కోసం చూడకుండా చెంబు తెచ్చి ఇచ్చింది. తర్వాత మేనేజరు వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పండి బాబూ. నేను చేసిన నేరమేంటి?"

ఆమెకు పర్మిట్ ఉన్నది నార గంజాయికి. మత్తు లేని రకం. కాండం తాళ్లకు, గింజ నూనెకు. మెట్లు మెట్లుగా చెక్కిన పదకొండు మళ్లలో ఆమె పండించేది అదే. వాటికి పైన, కంచె దాటితే కంపెనీ టెంట్లు. అక్కడ పెరిగేది మందు గంజాయి. దాని పువ్వులోంచి నొప్పులకు మందు తీస్తారు. రెండూ ఒకే జాతి. ఈ జాతిలో పోతుమొక్క వేరు, పెంటిమొక్క వేరు. పోతుమొక్క పుప్పొడి గాలిలో కొట్టుకొచ్చి పెంటిమొక్క పువ్వు మీద వాలితే గింజ కడుతుంది. గింజలమ్మకు కావలసింది ఆ గింజే. కంపెనీకి మాత్రం గింజ పట్టిన పువ్వు చెత్తతో సమానం.

మేనేజరు జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో బొటనవేలంత పువ్వు.

"మా మూడో టెంటులోది. గింజలు పట్టాయి. మా దగ్గర పోతుమొక్క అన్నదే లేదు. అన్నీ ఒక్క తల్లిమొక్క నుంచి కోసి నాటిన కొమ్మలు. ఈ చుట్టుపక్కల గంజాయి ఇంకెవరికీ లేదు. మీ మళ్లు కింద ఉన్నాయి, మా టెంట్లు పైన ఉన్నాయి. పగలు గాలి కింది నుంచి పైకి వీస్తుంది. ఇంతకంటే ఏం చెప్పాలి?"

"గాలి మాట నిజమే," అని ఒప్పుకుంది గింజలమ్మ. "ఏదీ, ఆ పువ్వు ఇలా ఇవ్వండి."

పువ్వును అరచేతిలో పెట్టుకుని, బంకకు అంటుకున్న రేకుల్ని చూపుడువేలి గోటితో ఒక్కొక్కటే విప్పింది. లోపల ఆకుపచ్చగా, నువ్వుగింజకంటే కొంచెం పెద్దగా ఒక గింజ. దాన్ని గోళ్ల మధ్య నొక్కింది. చిట్లి, తెల్లటి చుక్క బయటికొచ్చింది.

"చూశారా, ఇంకా పాలు. ఇది పది రోజుల గింజ, కాదంటే పన్నెండు. నా పోతుమొక్కలు పీకి ఇరవై రోజులు దాటింది. వాటిని నానబెట్టి, నార తీసి, ఆరేశాను కూడా."

"మీరు పీకినట్టు ఎక్కడైనా రాసి ఉందా?" ఇన్‌స్పెక్టరుకు అప్పుడే మాట వచ్చింది.

"పీకేటప్పుడు మొక్కచేత సంతకం పెట్టించుకోవాలని తెలియదు సార్."

వాచ్‌మన్ నవ్వబోయి దగ్గాడు. ఇన్‌స్పెక్టరు నోటీసు వైపు చెయ్యి చూపించాడు. నాలుగు రోజులు గడువు. పక్క పంటకు నష్టం తన వల్ల కాలేదని ఆమె రుజువు చేసుకోవాలి. లేదంటే పదకొండు మళ్లూ కోయించేస్తారు.

ఇప్పుడు కోస్తే ఆ గింజ దేనికీ పనికిరాదు. నిరుడు వడగళ్లు పడి చేతికొచ్చిందే పిడికెడు. ఆ పిడికెడూ ఈ ఏడు మళ్లలో చల్లేసింది. ఇంట్లో డబ్బాలన్నీ ఖాళీ. ఈ చలికి తట్టుకునే విత్తనం కోసం పంతొమ్మిదేళ్లుగా ఆమె ఏరుతూ వచ్చిన వంశం మొత్తం ప్రస్తుతం నేలమీద నిలబడి, పాలు పోసుకుంటోంది.

అయినా గింజలమ్మ గొంతు తగ్గలేదు. గోడకు వేలాడుతున్న కొడవలి తీసి చూపించింది.

"నా మళ్లలో ఒక్క పోతుమొక్క చూపించండి బాబూ. ఆ క్షణమే ఈ కొడవలి మీ చేతికిచ్చి పక్కకు తప్పుకుంటాను. మీరే కోసుకోండి."

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన కోడలు గేటు దగ్గరే ఆగిపోయి, నోటీసు మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఆ పిల్ల ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్షలు చేస్తుంది. మొగుడు లారీతో పాటు వారం రోజులు కిందే ఉంటాడు గనక ఇంట్లో అత్తాకోడళ్లిద్దరే. ఇద్దరికీ నోరు ఎక్కువే. దానివల్ల గొడవలు తక్కువ.

"కొడవలి ఇస్తానన్నారట కదా అత్తయ్యా. దారిలోనే చెప్పారు."

"అన్నాను. తప్పేముంది? మళ్లు నాకు తెలియవా?"

"తెలుసు. వాళ్లకు తెలియాలిగా." కోడలు చేతులు కడుక్కుని, కంచం ముందు కూర్చుంది. రెండు ముద్దలు తిన్నాక తలెత్తింది. "పుప్పొడి కంటికి కనిపించదు గానీ నా మైక్రోస్కోపుకు కనిపిస్తుంది. గాజుపలకలకు వాసెలిన్ రాసి కంచె మీద కట్టామనుకోండి, గాలిలో ఏముంటే అది అంటుకుంటుంది. మీ పుప్పొడి పైకి పోతుంటే కంచె దాటకుండా పోదు కదా."

గింజలమ్మ కోడలి కంచంలో ఇంకాస్త కూర వేసింది. "కంచె మీద ఒక్కచోటే కడితే చాలదు. వాళ్ల టెంటు లోపల కూడా కట్టాలి."

"లోపలికి మనల్ని రానిస్తారా?"

"మనం ఎందుకు పోవాలి? ఇన్‌స్పెక్టరు కడతాడు. ఊపిరి ఆడితే."

ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టరు దిగిన అతిథి గృహంలో ఈ మాట చెప్పగానే మేనేజరు అడ్డం తిరిగాడు. కోడలు లెక్కపెట్టిన లెక్క తను ఎలా నమ్మాలన్నాడు.

"మీరూ పక్కనే కూర్చుని చూడండి సార్. మైక్రోస్కోపుకు చుట్టరికాలు తెలియవు," అంది కోడలు.

ఇన్‌స్పెక్టరు ఇద్దర్నీ చూసి, నుదురు రుద్దుకున్నాడు. ఈ కొండ మీద ఇంకో వారం ఉండాల్సిన అవసరం లేకుండా తేలే దారి ఏదైనా ఆయనకు సమ్మతమే. మర్నాడు పొద్దున ఆయనే స్వయంగా, పది అడుగులకొకసారి ఆగుతూ, నాలుగు పలకలు కంచె పొడుగునా కట్టాడు. ఇంకో నాలుగు మూడో టెంటులో కట్టాడు. పగలు గాలి ఆడటానికి టెంటు పక్కలు పైకి చుట్టి ఉంచుతారు. కాబట్టి బయటి పుప్పొడి లోపలికి పోవాలంటే అడ్డేమీ లేదు. ప్రతి పలక వెనకా తన సంతకం పెట్టాడు.

మూడో రోజు ఉదయం గింజలమ్మ మళ్లలోకి దిగింది. వెతకడానికి అని ఆమె అనుకోలేదు. రోజూ దిగుతుంది, ఈ రోజూ దిగింది. రాత్రి చలికి కాండాలు ఊదారంగు తిరిగాయి. ఆకుల అంచుల మీద మంచు కరిగి చుక్కలు చుక్కలుగా జారుతోంది. ఆమె వంగి, రెండు చేతులతో మొక్కల్ని విడదీస్తూ, ఒక్కొక్క గుత్తినీ బొటనవేలితో తడుముకుంటూ నడిచింది. గింజ గట్టిపడుతున్న మొక్కలకు ఎర్ర దారం కట్టింది. గాలికి ఒరిగినవాటికి మట్టి ఎగదోసింది. ఏడు మళ్లు అయ్యాయి.

ఎనిమిదో మడిలో, రాతిగోడ మూల, ఊట చెమ్మ దిగేచోట ఆమె చెయ్యి ఆగింది.

మోకాలెత్తు మొక్క. అన్నిటికంటే ఆలస్యంగా మొలిచి, ఎండ అందక, పెద్ద మొక్కల కాళ్ల దగ్గర నక్కి పెరిగింది. కణుపుల దగ్గర బంతుల్లాంటి మొగ్గలు గుత్తులుగా వేలాడుతున్నాయి. రెండు విచ్చుకున్నాయి. కింది ఆకు మీద పసుపు చిటికెడు జల్లినట్టు పుప్పొడి.

గింజలమ్మ కదల్లేదు. మొక్క కదిలితే పొడి లేస్తుంది. మెల్లగా వెనక్కి జరిగి, ఊటలో తలగుడ్డ తడిపి తెచ్చింది. మొక్కను మొదలు నుంచి కొన దాకా తడిగుడ్డతో చుట్టి, పుప్పొడి ఎగరకుండా నొక్కి పట్టి, అప్పుడు కోసింది. పక్క మొక్కల ఆకుల మీదా నీళ్లు చల్లింది. అంతా అయ్యాక రాతిగోడ మీద కూర్చుంది. చెవులు వేడెక్కాయి. "మళ్లు నాకు తెలియవా?" అన్న తన మాటే ఎండు పొట్టులా గుచ్చుకుంది.

మిగిలిన మూడు మళ్లూ చూసింది. తిరిగి మొదటి మడి నుంచి పదకొండూ చూసింది. ఇంకొకటి లేదు.

పొద్దు వాలకముందే కోడలు ఇంటికొచ్చింది. వంటింట్లో నేల మీద తడిగుడ్డ మూట. విప్పి చూపించగానే విషయం అర్థమైంది.

"ఎవరైనా చూశారా?"

"నేను చూశాను."

"మీరు కాకుండా."

"లేదు."

కోడలు పొయ్యి వైపు చూసింది. పొయ్యి మండుతోంది. "అయితే ఇంకేంటి అత్తయ్యా. విచ్చింది రెండు పువ్వులే. దాంతో ఒక టెంటంతా గింజ పట్టదని మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"రక్తంలో రెండంటే రెండు పురుగులు కనిపిస్తే ఏమీ లేవని రాస్తావా?"

"అది వేరు!" కోడలి గొంతు లేచింది. "నేను రాసేది కాగితం. మీరు పణం పెడుతున్నది పంతొమ్మిదేళ్ల విత్తనం. అందరి ముందు కొడవలి ఇస్తానని నోరు జారారు. ఆ మేనేజరు దీనికోసమే కాచుక్కూర్చున్నాడు."

"ఆ విత్తనం ఎలా వచ్చిందనుకున్నావే?" గింజలమ్మ మూట మళ్లీ కట్టింది. "ఏటా నా చేత్తో పెంచిన మొక్కనే చూసి, ఇది బాగాలేదు అని ఒప్పుకుని తీసేస్తేనే వచ్చింది. నాదే కదా అని ఒక్క ఏడు కళ్లు మూసుకున్నా ఈ పాటికి దాని సారం పోయేది. రేపు ఆ పలకల మీద నా పుప్పొడి కనిపించినా, కనిపించకపోయినా ఈ మొక్క అక్కడికి వస్తుంది."

కోడలు అటకమీంచి ఒక బకెట్ దించి, అడుగున నీళ్లు పోసి ఇచ్చింది. "ఇందులో పెట్టండి. వాడిపోతే ఏ మొక్కో ఎవరికీ తెలియదు. తెస్తే సరిగ్గా తేవాలి."

నాలుగో రోజు మధ్యాహ్నం ఆరోగ్య కేంద్రం వెనక గదిలో నలుగురే ఉన్నారు. స్పిరిట్ వాసన, కిటికీలోంచి తెల్లటి ఎండ. ఇన్‌స్పెక్టరు తన ఎనిమిది పలకలూ బల్ల మీద పేర్చి, వెనక సంతకాలు సరిచూసుకున్నాడు. కోడలు మైక్రోస్కోపు ముందు స్టూలు లాక్కుంది. గింజలమ్మ బకెట్ తెచ్చి బల్ల పక్కన పెట్టి, గుడ్డ తీసింది.

"లెక్క మొదలుపెట్టే ముందు ఇది చూడండి. నా ఎనిమిదో మడిలోది. పోతుమొక్క. రెండు పువ్వులు విచ్చాయి. నిన్న పొద్దున దొరికింది."

మేనేజరు ముఖంలో మొదట ఆశ్చర్యం, తర్వాత గెలిచినవాడి తేటదనం. ఇన్‌స్పెక్టరు మాత్రం కలం మూత పెట్టి, ఆమె వైపు తిరిగాడు.

"దీన్ని తీసుకురమ్మని మిమ్మల్నెవరూ అడగలేదు కదమ్మా?"

"మీరు అడగలేదు. మాటిచ్చింది నేను." చీర కుచ్చిళ్ల పక్కన దోపుకున్న కొడవలి తీసి, పిడి మేనేజరు వైపు తిప్పి బల్ల మీద పెట్టింది. "ఇదిగో బాబూ."

"ముందు లెక్క కానివ్వండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కోడలు మొదటి పలక ఎక్కించింది. రక్తకణాలు లెక్కపెట్టేటప్పుడు ఒక్కోదానికి ఒకసారి నొక్కే మీట ఆమె ఎడమచేతిలో ఉంది. కంచె మీది మొదటి పలకకు రెండుసార్లు టిక్కుమంది. రెండోదానికి మూడు. మూడో పలక మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. నాలుగోదానికి నాలుగు. ప్రతిసారీ ఆమె లేచి, మేనేజరుకు చోటిచ్చింది. అతను ఒంటికన్నుతో చూసి, తల ఊపి, పక్కకు జరిగాడు.

"కంచె మొత్తం మీద తొమ్మిది," అంది కోడలు. ఆ తొమ్మిదీ అనేటప్పుడు అత్తగారి వైపు చూడలేదు.

అప్పుడు టెంటులో కట్టిన మొదటి పలక. మీట టిక్కుటిక్కుమంటూ ఆగకుండా మోగింది. నూట నలభై దాటాక కోడలు చెయ్యి తీసేసింది.

"ఇది లెక్కపెట్టడం కాదు సార్, పిండి జల్లెడ పట్టడం. మీరే చూడండి."

మేనేజరు వంగి చూశాడు. ఈసారి చాలాసేపు లేవలేదు. మిగతా మూడు పలకలూ తనే ఎక్కించుకుని చూశాడు.

"కంచె దగ్గర తొమ్మిది," అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా. "అంతకంటే దూరంలో, టెంటు లోపల వందలు. గాలి దారిలో పుప్పొడిని పెంచుకుంటూ పోదు కదా. మేనేజరుగారూ, ఇది మీ ఇంట్లో పుట్టిందే."

"కుదరదు సార్. మా దగ్గర అన్నీ పెంటిమొక్కలే. పన్నెండు మంది పనివాళ్లు వారం రోజులుగా వరస వరసా గాలించారు." అతని చూపు బకెట్ మీద పడింది. వంగి, మోకాలెత్తు మొక్క ఆకుల్ని వేలితో పక్కకు తీశాడు. మొగ్గలు పక్క నుంచి చూస్తేనే కనబడుతున్నాయి. కొడవలి పిడి అతని చేతికి జానెడు దూరంలో ఉంది. దాన్ని ముట్టుకోలేదు. "పదకొండు మళ్లలో ఇది ఒక్కటేనా?"

"ఒక్కటే. రెండుసార్లు చూశాను."

"పెద్ద మొక్కల కింద ఉందా? ఇంత చిన్నది... ఎలా పట్టుకున్నారు?"

"చేత్తో," అంది గింజలమ్మ.

మేనేజరు కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత అడిగినప్పుడు అతని గొంతులో నాలుగు రోజుల కిందటి మనిషి లేడు. "మా టెంటుకు ఒకసారి వస్తారా, అమ్మా?"

"వస్తాను. ముందు గేటుకు అంటించిన ఆ కాగితం మీరే తీయండి. జిగురు బాగా పట్టి ఉంటుంది, నీళ్లతో నానబెట్టి తీయాలి." ఆమె ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "సార్, మీరు కొత్తగా రాసే కాగితంలో నా ఎనిమిదో మడిలో పోతుమొక్క దొరికిందని కూడా రాయండి. వచ్చే ఏడు ఆ మూల ముందే చూసుకుంటాను."

ఇన్‌స్పెక్టరు కలం మూత తీశాడు.

మూడో టెంటులో వెచ్చగా, ఘాటుగా ఉంది. ఆరు వరసల మొక్కలు నడుమెత్తున, పువ్వుల బరువుకు కొమ్మలు వంచుకుని నిలబడి ఉన్నాయి. పనివాళ్లు దారికి అటూ ఇటూ సర్దుకున్నారు. కొందరు ఆమె దగ్గర గింజల నూనె పట్టుకెళ్లేవాళ్లే. పలకరించాలో వద్దో తెలియక నిలబడ్డారు. ఆమే పలకరించింది. "ఏంట్రా, వారం రోజులుగా వెతుకుతున్నారట! నిలబడేనా వెతకడం?"

మొదటి వరస మొదట్లో ఆమె రెండు మోకాళ్ల మీద కూర్చుంది. కింది కొమ్మను ఎత్తి, పువ్వును తనవైపు తిప్పుకుంది. రేకుల మధ్య బొటనవేలు పెట్టి విడదీసి, రెండో చెయ్యి నీడ పట్టింది. ఒకటి వదిలేసింది. రెండోది వదిలేసింది. ఐదో పువ్వు దగ్గర ఆగి, గోటి కొసతో సన్నటి పసుపురంగు కొమ్ము ఒకటి పెరికి, అరచేతిలో పెట్టి చూపించింది. అరటిపండు ఆకారంలో, బియ్యపు గింజంత.

"ఇదీ మీ పోతు."

"కానీ మొక్క పెంటిదే కదా!"

"పెంటిదే బాబూ. రాత్రి చలి, పగలు ఈ వేడి. బెదిరిపోయింది. తోడు దొరక్కుండానే కాలం అయిపోతుందనుకుని, తనలోనే పోతుపువ్వు పుట్టించుకుంది. పైనుంచి చూస్తే పువ్వు నిండుగా ఉంటుంది. ఇది మాత్రం లోపల దాక్కుంటుంది."

ఆమె రెండో వరసకు మారింది. అక్కడా దొరికింది. మూడో వరస మధ్యలో, గాలి తగలని చోట కూడా దొరికింది. అప్పుడు లేచి, నడుము పట్టుకుని, టెంటు మొత్తం ఒకసారి చూసింది. చెప్పబోయే మాట ఆ మనిషికి ఎంత బరువో ఆమెకు తెలుసు. అయినా మెత్తగా చేసి చెప్పడం ఆమెకు చేతకాదు.

"ఒక మొక్క తప్పైతే ఏరి పారేయమనేదాన్ని. అన్నిట్లోనూ ఉంది. మీ తల్లిమొక్క గుణమే ఇది. కింద మైదానంలో బయటపడలేదేమో, ఈ ఎత్తులో బయటపడింది. దాని నుంచి ఎన్ని కొమ్మలు కోసి నాటినా ఇంతే."

తల్లిమొక్కను మేనేజరే ఎంచి తెచ్చాడని పనివాళ్లందరికీ తెలుసు. వాళ్లు అతని ముఖం చూడకుండా ఉండటానికి మొక్కల వైపు చూస్తున్నారు.

"పక్క టెంట్లలో కూడా ఉంటుందా?" అని మేనేజరు అడిగాడు.

"ఉండొచ్చు. ఇంకా పుప్పొడి రాలకపోతే ఈ ఏటి పంట కొంతైనా దక్కుతుంది. పువ్వు పువ్వూ చూడాలి. ఇంత మంది ఉన్నారు, సాయంత్రం దాకా వెలుగుంది."

"మీరు చూపిస్తే వీళ్లు చేస్తారు."

"వీళ్లకు చూపించడం తర్వాత. ముందు మీరు కూర్చోండి," అంది గింజలమ్మ. "వంగితే చాలదు, కూర్చోవాలి. కొమ్మ కింది నుంచి చూడాలి."

అతను పనివాళ్ల వైపు ఒకసారి చూసి, మోకాళ్ల మీదికి దిగాడు. గింజలమ్మ అతని మణికట్టు పట్టుకుని, చేతిని పువ్వు కిందికి తీసుకెళ్లింది. బొటనవేలు ఎక్కడ పెట్టాలో, రేకును చించకుండా ఎంతవరకు వంచాలో చూపించి, చెయ్యి వదిలేసింది.

మొదటి పువ్వులో అతనికి ఏమీ కనబడలేదు. రెండోదాన్ని నలిపేశాడు. "తొందరేం లేదు," అంది ఆమె. మూడోదాన్ని తిప్పి, నీడ పట్టి, ఊపిరి బిగబట్టి చూశాడు. అతని వేళ్లు బంకతో నల్లబడ్డాయి. వెనక పనివాళ్లు ఒక్కొక్కరే, ఎవరూ చెప్పకుండానే, తమ తమ వరసల్లో మోకాళ్ల మీద కూర్చుంటున్నారు.

"ఇదేనా?" అన్నాడతను.

గోటి చివర పసుపురంగు కొమ్ము. ఇంకా పగల్లేదు.

"అదే," అంది గింజలమ్మ, పొడి లేవకుండా తెప్పించుకున్న నీళ్ల గిన్నె అతని ముందుకు జరిపి. "ఇందులో వెయ్యండి. పక్క కొమ్మ చూడండి."